పిప్పి మూటతో తార్నాకకు

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మావాళ్ళు మొదట అడిగేది చార్మినార్ చూశావా అని, ఆ తరవాత బిర్యానీ తిన్నావా అని. నా జవాబు రెండింటికీ లేదనే. నేను చూసింది తార్నాక, దాన్ని ఆనుకుని ఉన్న యూనివర్సిటీ. తిన్నది మక్క గారెలు. మోసుకెళ్ళింది కోళ్ళ మేత. ఇంత విడ్డూరమైన యాత్ర మా ఇంటావంటా ఎవరూ చేసి ఉండరు కాబట్టి రాసిపెడుతున్నాను.

వెళ్ళిన కారణం ముందే చెప్పేస్తాను. మాది ఏలూరు అవతల మెట్ట ప్రాంతంలో ఒక ఊరు. మా ఆయనా నేనూ గుడ్ల కోళ్ళ షెడ్లు నడుపుతాం. మా తమ్ముడు శ్రీను మొక్కజొన్న వేస్తాడు. వాడి పంట ఒకప్పుడు కళ్ళంలోంచి నేరుగా మా షెడ్డుకే వచ్చేది. ఆ తరవాత మా ఊరి పొలిమేరలో ఇథనాల్ ఫ్యాక్టరీ లేచింది. మొక్కజొన్నను పులియబెట్టి, అందులోంచి సారాలాంటిది తీసి, పెట్రోల్లో కలపడానికి పంపుతారు. ఆ ఫ్యాక్టరీ రావాలని మీటింగులు పెట్టించి, ఇంటింటికీ తిరిగి ఒప్పించినవాళ్ళలో శ్రీనే ముందున్నాడు. ఫ్యాక్టరీ వచ్చింది, గింజ రేటు పెరిగింది. వాడు నవ్వాడు, నేను ఏడ్చాను. గింజ కొనే ఓపిక లేక, ఇథనాల్ తీసేశాక మిగిలే పిప్పిని మేతకు కొనడం మొదలుపెట్టాను. దానికి ఫ్యాక్టరీవాళ్ళు ఏదో పొడి అక్షరాల ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ మా ఊళ్ళో అందరూ పిప్పి అనే అంటారు. దాన్ని కూడా శ్రీనే మాట్లాడి ఇప్పించాడు.

కొన్నాళ్ళకు కోళ్ళు గుడ్లు పెట్టడం తగ్గించాయి. పెట్టినవి కూడా చిన్నవి. పశువుల డాక్టరు వచ్చి, మేత చేతిలోకి తీసుకుని వాసన చూసి, "బూజు విషం ఉందేమోనమ్మా. పరీక్ష చేయించండి. అందాకా గుడ్లు బయటికి పంపకండి" అన్నాడు. గింజకు పట్టిన బూజులోంచి పుట్టే విషమది. గింజలో కొంచెమే ఉన్నా, సారం పోయాక పిప్పిలో చిక్కబడి కూర్చుంటుందట. మా గుడ్లు ఊరి స్కూల్లో మధ్యాహ్న భోజనానికి వెళ్తాయి. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కోళ్ళు గుర్తు రాలేదు. కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్న పిల్లలే కళ్ళముందు మెదిలారు. ఆ రోజే అమ్మకం ఆపేశాం. పరీక్షకు తార్నాక యూనివర్సిటీలో ల్యాబు ఉందని డాక్టరే చెప్పాడు. కోళ్ళను వదిలి మా ఆయన కదలలేడు. శ్రీను తోడు వస్తానన్నాడు.

రైల్లో వాసన

పిప్పి వాసన తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. పులిసిన దోసెల పిండిలో ఎవరో బెల్లం కలిపి, ఆ గిన్నె మీద మూత పెట్టడం మరిచిపోయినట్టు ఉంటుంది. సంచికి రెండు ప్లాస్టిక్ కవర్లు తొడిగినా బెజవాడ దాటేసరికి పెట్టె అంతా తెలిసిపోయింది. ఎదురు బెర్తు పెద్దాయన పేపరు దించి మా శ్రీనును పైనుంచి కిందికి చూశాడు. వాడు తాగొచ్చాడనుకున్నాడు పాపం. కాసేపటికి ఆయన భార్య నాతో, "మావాడూ ఇంతేనమ్మా, ప్రయాణాల్లో మరీనూ" అని ఓదార్పుగా అంది. నేను ఖండించలేదు. ఫ్యాక్టరీ తెచ్చినందుకు వాడికి ఆ మాత్రం శాస్తి జరగాలనుకున్నాను.

వాడు పొట్లం విప్పి పులిహోర తింటూ మొదలుపెట్టాడు. "నీ గుడ్లకేం కాదక్కా. ఆ డాక్టరుకి భయపెట్టడం అలవాటు."

"నువ్వు ఫ్యాక్టరీ తరఫున మాట్లాడతావా, నా తరఫునా?"

"ఇన్నేళ్ళు నా గింజ నువ్వు చవగ్గా కొన్నప్పుడు నేనేమన్నా అన్నానా? ఇప్పుడు నాలుగు డబ్బులు కళ్ళజూస్తుంటే అందరికీ ధర్మం గుర్తొస్తోంది."

అది నిజమే, అందుకే ఇంకా మండింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది మొక్కజొన్న రేటు మా ఇంట్లో. పెరిగితే నా షెడ్డు మునుగుతుంది, తగ్గితే వాడి చేను మునుగుతుంది. మా అమ్మ బతికి ఉంటే ఏ దేవుడికి ఏమని మొక్కేదో.

ఒళ్ళో పెట్టుకున్న ట్రేలో గుడ్లు కూడా పరీక్షకే. కాజీపేటలో ఎవరో సూట్‌కేసు లాగుతూ దానికి తగిలించారు. ఒక గుడ్డు పగిలి నా చీర మీద కారింది. మామూలప్పుడైతే అయ్యో అనుకుని తుడుచుకునేదాన్ని. ఆ రోజు మాత్రం సబ్బు పెట్టి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. నా కోడి గుడ్డును చూసి నేనే జంకడం అదే మొదటిసారి.

ఆటో యాదన్న

సికింద్రాబాదులో దిగి ఆటో ఎక్కాం. డ్రైవరు యాదన్న. పేరు ఆటో వెనకాల రాసి ఉంది. వారాసిగూడ మలుపు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముక్కు ఎగబీల్చాడు.

"ఏందమ్మా గీ వాసన? ఊరి నుంచి కల్లు తెస్తున్నరా?"

కోళ్ళ మేతన్నాను.

"కోళ్ళు గింత మంచిది తింటయా! మాకన్న నయమే ఉన్నయి."

ఇథనాల్ సంగతి చెప్పాను. అంతే, మనిషి పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ముందు సిగ్నల్ పచ్చగా మారినా కదల్లేదు. "గదా సంగతి! నా ఆటో గ్యాస్ మీద నడుస్తది, బతికిపోయిన. నా కొడుకుకు పాత బండి ఉన్నది. మైలేజ్ పడిపోయిందని ఇంట్ల రోజూ లొల్లి. మెకానిక్ ఏమో పెట్రోల్ ఖరాబ్ అంటడు. బంకోడేమో నీ బండే ఖరాబ్ అంటడు. నడిమిట్ల మా జేబు ఖరాబ్ అయితున్నది. ఈ మక్కలు పండించెటోడు దొరికితే రెండు మాటలు అడుగుదమనుకుంటున్న."

"అడుగు, పక్కనే ఉన్నాడు," అని శ్రీనును చూపించాను.

యాదన్న కొంచెం ఇబ్బంది పడ్డాడు. "నిన్ననలే తమ్మీ. పండిస్తవు, అమ్ముతవు, నీ తప్పేమున్నది? పెట్రోల్ల కలపమన్నోళ్ళను అనాలె." వెనకనుంచి హారన్లు హోరెత్తాక గానీ ముందుకు తిరగలేదు. దిగేటప్పుడు మేం చిల్లర వెతుకుతుంటే, "ఉండనియ్యమ్మా, పరేషాన్ల ఉన్నరు" అని ఉన్నంతే తీసుకున్నాడు. మా ఊళ్ళో ఆటోవాళ్ళు చుట్టాలైనా పూర్తిగా లెక్కగట్టి తీసుకుంటారు.

చెట్ల కింద వెతుకులాట

ఆ క్యాంపస్‌కు మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేనిచ్చే సలహా ఒక్కటే, సొంతంగా వెతుక్కోవద్దు. లోపల రోడ్లున్నాయి, అడవిలాంటి చెట్లున్నాయి, పెద్ద పెద్ద రాతి కట్టడాలున్నాయి. ఏ కట్టడంలో ఏముందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చూపిస్తారు. మేం ముందు వెళ్ళిన భవనం దగ్గర వాచ్‌మన్ మా సంచి వాసన చూసి, "గిసుంటివి లోపలికి పోనియ్య" అని గేటు మూశాడు. ఎండ నెత్తిన పడుతోంది. సంచి మోస్తున్న శ్రీను చెమటకీ పిప్పి వాసనకీ తేడా తెలియకుండా పోయింది.

అప్పుడే మమత కనిపించింది. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. వాసన పట్టి తనే దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఇది మక్కల పిప్పి కదా?" అంది. హైదరాబాదులో ఆ సంచిని సరిగ్గా గుర్తుపట్టింది ఆ పిల్లొక్కతే. మా కథ విని ల్యాబు దాకా వెంటబెట్టుకు వెళ్ళింది.

దారిలో చెప్పింది. వాళ్ళ ఊరి పక్కన కూడా ఇథనాల్ ఫ్యాక్టరీ పెడతామంటే ఊరంతా రోడ్డెక్కిందట. బోరు నీళ్ళు ఇంకిపోతాయని, వాసన భరించలేమని. "మా నాయిన ధర్నాల ముందు వరసల కూసుంటడు ఆంటీ. మక్కలేమో అదే కంపెనీకి పట్టుకపోయేటి సేటుకు అమ్ముతడు. ఏంది నాయినా ఇది అంటే, పొద్దున్నది ఊరి కోసం, మాపున్నది కడుపు కోసం అంటడు. నా పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క మాట సుట్టే తిరుగుతున్నది."

"మీ నాన్నతో నేను మాట్లాడాలి," అన్నాడు శ్రీను. వాడి మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది.

ల్యాబులో మేడం మా మూటలు విప్పించింది. పిప్పి పై బస్తాలోంచి, మధ్య బస్తాలోంచి, అడుగు బస్తాలోంచి విడివిడిగా తెచ్చాను. పోల్చడానికి కావాలని డాక్టరు చెబితే మొక్కజొన్న నూక, గుడ్లు కూడా తెచ్చాను. ఆవిడ వయసు నా అంతే ఉంటుంది. మాట నెమ్మది. "బాగనే తెచ్చినరు. చానామంది పైపైన ఒక పిడికెడు పట్టుకొస్తరు. రేపు మధ్యాహ్నానికి అయితది."

నేను అడగలేక అడిగాను. "ఒకవేళ ఉంటే, తిన్న పిల్లలకు?"

"మేతల ఉన్నదంతా గుడ్డులకు రాదమ్మా, చాలా కొద్దిగనే వస్తది. కోడి కార్జమే ముందు దెబ్బతింటది. అయినా చూడకుండ నేనేం చెప్పను. రేపు రాండి."

కొద్దిగానే వస్తుందన్న మాట పట్టుకుని ఊరట పడదామని చూశాను. పడలేకపోయాను. పిల్లల కంచంలో కొద్దిగా విషం అన్నమాట ఏ తల్లికి ఊరటనిస్తుంది?

శారదక్క ఇల్లు

తార్నాకలో మా పెద్దమ్మ కూతురు శారదక్క ఉంటుంది. బావగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వాళ్ళు గుంటూరు వదిలి అక్కడ స్థిరపడి ఒక తరం గడిచింది. అయినా ఇంట్లో గోంగూర జాడీ గుంటూరుదే. మాట మాత్రం సగం మారింది. కూరగాయల బండివాడితో "క్యా భావ్?" అని మొదలుపెట్టి, "మరీ అన్యాయం అబ్బాయ్" అని ముగిస్తుంది.

మేం వస్తున్నామని అక్క కోడిగుడ్ల పులుసు పెట్టింది. కోళ్ళవాళ్ళకు గుడ్డు పెట్టడమే మర్యాద అనుకుందో ఏమో. శ్రీను లొట్టలేసుకుంటూ తిన్నాడు. నాకు ముద్ద దిగలేదు. అది మా గుడ్డు కాదు, ఏ అంబర్‌పేట్ కొట్లోనో కొన్నదని తెలుసు. తెలిసినా పక్కకు నెట్టాను. అక్క చూసింది. పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

బావగారు మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఆయనకొక పాత కారుంది. పెళ్ళికూతుర్ని దాచినట్టు దానికి ముసుగేసి కింద పార్కింగులో దాచారు. "పెట్రోల్లో అయిదో వంతు మీ మొక్కజొన్న సారా పోస్తున్నారమ్మా. అందులో అచ్చంగా మొక్కజొన్నదే కాదనుకో, చెరుకుదీ ఉంటుంది, బియ్యానిదీ ఉంటుంది. కొత్త బళ్ళు తట్టుకుంటాయట. నా బండీ నేనూ పాతవాళ్ళం. ఏది తాగినా పడదు."

"దేశానికి డాలర్లు మిగులుతాయంటున్నారు కదండీ," అన్నాడు శ్రీను.

"మిగలనీ. నాకు చెప్పి మిగల్చమను. మామూలు పెట్రోలు ఇది, కలిపింది ఇది అని బంకులో రెండు గొట్టాలు పెడితే నేనూ దేశభక్తుడినే, ఆలోచించుకుని పోయించుకుంటాను. అడక్కుండా పోస్తే నాకు ఒళ్ళు మండుతుంది."

శారదక్క లోపల్నుంచి, "ఆ కారు ఎక్కి మనం చివరిసారి ఎక్కడికి వెళ్ళామో చెప్పండి ముందు" అంది. బావగారు టాపిక్ మార్చి వర్షాల గురించి అడిగారు.

ఆ పూట నిద్ర సరిగా పట్టలేదు. పట్టినప్పుడల్లా కంచాలే.

సదస్సులో మా ఇంటి గొడవ

మర్నాడు మధ్యాహ్నం దాకా ఏం చెయ్యాలో తోచక పొద్దున్నే క్యాంపస్‌కు వెళ్ళిపోయాం. గేటు దగ్గర కంకులు కాల్చే బండి ఉంది. నిమ్మకాయ చెక్క ఉప్పుకారంలో ముంచి కంకి మీద రుద్ది ఇస్తోంది ఒకామె. కంకి నలభై రూపాయలు. శ్రీను నోరు తెరిచాడు. "ఒక్క కంకా? అక్కా, మనం ఫ్యాక్టరీలకూ కోళ్ళకూ అమ్మి చెడిపోయాం. బొగ్గులు కొనుక్కుని ఇక్కడ కూర్చోవాల్సింది." బండామె నవ్వి, "రాండి, పోలీసులు వచ్చినప్పుడు బండి ఉరికియ్యనీకి తోడైతరు" అంది.

మమత మమ్మల్ని క్యాంటీన్‌కు తీసుకెళ్ళి మక్క గారెలు తినిపించింది. మా వైపు గారె అంటే మినప్పప్పే. మొక్కజొన్నను మేం కోళ్ళకు పెట్టాం, ఫ్యాక్టరీకి అమ్మాం, లేత కంకి కాల్చుకుని తిన్నాం గానీ గారె చెయ్యాలని ఎప్పుడూ తోచలేదు. పచ్చిమిర్చి, అల్లం వేసి రుబ్బి, వేడివేడిగా తీశారు. పైన కరకర, లోపల తియ్యన. మా శ్రీను మూడో గారె దగ్గర, "నా జీవితమంతా దీన్ని పండించి రుచి తెలియకుండా బతికాను" అన్నాడు.

ఆ రోజు వాళ్ళ విభాగంలో ఇథనాల్ మీదే సదస్సట. "రాండి ఆంటీ, టైం పోతది. మీకన్న బాగ తెలిసినోళ్ళు ఆ హాల్ల ఎవరూ ఉండరు," అని మమత లాక్కెళ్ళింది. అది ఆ పిల్ల మంచితనం గానీ, తెలిసినవాళ్ళే మాట్లాడారు. మొదట మాట్లాడిన రిటైర్డ్ ఆఫీసరు చెప్పింది నాకు బాగా అర్థమైంది. ప్రభుత్వం ఇథనాల్‌కు ధర కడుతుంది, ఆయిల్ కంపెనీలు కొంటాయి. కొనేవాడు ఖాయం, ధర ఖాయం. కాబట్టి ఫ్యాక్టరీ పెట్టేవాడికి బ్యాంకు అప్పిస్తుంది, వాడు ధైర్యంగా గింజ కొంటాడు, రైతుకు రేటొస్తుంది, దేశం చమురు కొనడం కొంత తగ్గుతుంది. వింటుంటే ఎక్కడా పేచీ లేదు. శ్రీను నా మోచేతిని పొడిచాడు.

తరవాత లేచిన ప్రొఫెసరు ఆ దారినే వెనక్కి నడిపించాడు. రేటొచ్చిందని అందరూ మొక్కజొన్నే వేస్తే పప్పులూ నూనెగింజలూ వేసేదెక్కడ? వాటిని బయటి దేశాల్నుంచి కొంటే చమురులో మిగిలిన డాలర్లు అటు పోవా? గింజ చాలక మొక్కజొన్నే బయటినుంచి తెస్తే? అమెరికా తన మొక్కజొన్న మనకు అంటగట్టాలని ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉంది కదా? అక్కడి రైతుల ఓట్లకూ ఇథనాల్‌కూ ఎంత చుట్టరికం ఉందో, రేపు ఇక్కడా అంతే ఉంటుంది. ఒకసారి మొదలుపెట్టాక ఏ పార్టీ ఆపలేదు, అన్నాడు. ఈసారి శ్రీను మోచేతిని నేను పొడవలేదు. ఈ ఏడు మా ఊళ్ళో అందరూ మొక్కజొన్నే వేసి రేటు మళ్ళీ జారడం మొదలైంది. ఆ సంగతి వాడు రైల్లో నాకు చెప్పలేదు గానీ నాకు తెలుసు.

ప్రశ్నలు అడగమన్నారు. పిల్లలంతా ఆహారమా, ఇంధనమా అని ఇంగ్లీషులో అడుగుతున్నారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, తెలుసు. అయినా చెయ్యెత్తాను. మైకు చేతికిచ్చారు.

"నేను కోళ్ళు పెంచుతాను. ఇడుగో, వీడు మా తమ్ముడు, మొక్కజొన్న వేస్తాడు. ఇథనాల్‌కు ధర కట్టారు, బాగుంది. గింజకు మద్దతు ధర ఉంటుంది, బాగుంది. గుడ్డుకు ఎవరు కట్టారండీ? రోజూ పొద్దున ఎక్కడో ఎవరో చెప్పిన రేటుకే నేను అమ్మాలి. నా గింజకు పోటీగా ప్రభుత్వమే వెనక నిలబడ్డ ఫ్యాక్టరీ వస్తే నేనెవరి వెనక నిలబడాలి? గింజ కొనలేక పిప్పి కొన్నాను. ఇప్పుడా పిప్పిలో విషముందేమోనని ల్యాబు బయట కాచుకుని ఉన్నాను. ఆ ఫ్యాక్టరీ తూములోంచి వచ్చే నీళ్ళు చూడ్డానికి ఆఫీసర్లు వస్తారు. పిప్పి బస్తా చూడ్డానికి ఎవరొస్తారు?"

అధ్యక్షుడు చాలా విలువైన ప్రశ్న అన్నాడు. దీని మీద ప్రత్యేకంగా ఒక సదస్సు పెట్టాలన్నాడు. తరవాత భోజనాలకు లేవమన్నాడు. నా ప్రశ్న అన్నం దగ్గర ఆగిపోయింది, అదీ ఒక గౌరవమే అనుకున్నాను. ఒక కుర్ర లెక్చరర్ మాత్రం వెనకే వచ్చి, పిప్పి అమ్మేవాడు ప్రతి లోడుకూ పరీక్ష కాగితం ఇవ్వాలని అడిగే హక్కు నాకుందని, అది లేకుండా లోడు దించుకోవద్దని చెప్పాడు. రెండు గంటల సదస్సులో నాకు పనికొచ్చిన మాట అదే.

తట్ట

మధ్యాహ్నం ల్యాబు మెట్లెక్కాం. మేడం మమ్మల్ని చూడగానే కుర్చీ చూపించింది. మామూలుగా చెడ్డవార్త చెప్పేవాళ్ళే ముందు కూర్చోమంటారు. నేను కూర్చోలేదు.

"భయపడాల్సింది ఏం లేదమ్మా. బూజు విషం జాడ ఉన్నది గానీ, మేతకు పెట్టిన హద్దుకు చాలా లోపలనే ఉన్నది. గుడ్లల్ల అయితే మా పరీక్షకు అందనే లేదు."

నేను రెండోసారి చెప్పించుకున్నాను. మూడోసారి కూడా చెప్పించుకునేదాన్ని గానీ అప్పటికే ఏడుపొచ్చేసింది. ఏడ్చానని రాయడానికి నాకేం సిగ్గు లేదు. అన్నాళ్ళూ గుండెల మీద కూర్చున్న బండరాయి దిగిపోతే మనిషి ఏడవక ఏం చేస్తుంది? మా పిల్లలు తిన్నది గుడ్డే. ఒట్టి గుడ్డే. మేడం నీళ్ళ సీసా ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"మరి కోళ్ళు ఎందుకు తగ్గినయి? మేత ఎట్ల కలుపుతున్నరు?"

"తట్టలతోనండీ. నూక ఇన్ని తట్టలు, సోయా చెక్క ఇన్ని తట్టలు. మా మామగారి కాలం నుంచీ అదే లెక్క."

"పిప్పి వచ్చినంక?"

"నూక ఎన్ని తట్టలు తగ్గించామో అన్ని తట్టలు పిప్పి పోశాం. పిప్పిలో బలం ఎక్కువన్నారని సోయా కూడా తగ్గించాం."

ఆవిడ బల్ల మీద గాజు గ్లాసు పెట్టి, మేం తెచ్చిన నూకతో నింపి కాటా మీద పెట్టింది. తరవాత అదే గ్లాసు నిండా పిప్పి పోసి పెట్టింది. చూస్తుండగానే అంకె కిందికి దిగింది. "పిప్పి తేలిక. మీ తట్ట నిండుతున్నది గానీ బరువు వస్తలేదు. పైనుంచి సోయాల ఉండే బలం పిప్పిల ఉండదు, పేరుకే మాంసకృత్తులు. కోడి కడుపు నిండుతున్నది, ఒంటికి పడతలేదు. ఇంట్ల కాటా లేదా?"

ఉంది. ఎందుకు లేదు? కొనేటప్పుడు కాటా, అమ్మేటప్పుడు కాటా. మా వైపు ఇంట్లో వాడుకునేదాన్ని మాత్రం ఎవరూ తూచరు. బియ్యానికి సోలెడు, మేతకు తట్ట. తూచితే లేమి అని మా అత్తగారు అనేది. నా కోళ్ళు అన్నాళ్ళూ నా చేతులతోనే పస్తులున్నాయన్నమాట. సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు కూడా ఆ క్షణాన తేలిగ్గానే ఉంది. విషం పెట్టడం కంటే తక్కువ పెట్టడం నయం కదా.

మెట్ల మీదకు వచ్చి మా ఆయనకు ఫోను చేశాను. "విషం లేదు" అన్నాను. తరవాత తట్ట సంగతి చెప్పాను. "తట్టా?" అన్నాడు. ఇంకోసారి, "మన తట్టా?" అన్నాడు. ఇద్దరం ఫోన్లో పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

పక్కన గానుగ చెట్టు కింద శ్రీను కూడా ఫోన్లో ఉన్నాడు. వాళ్ళావిడతో. నేను వెనకే ఉన్నానని చూసుకోలేదు.

"మంచిదే వచ్చింది. ఊఁ. ఇహ పాపకి గుడ్డు పెట్టొచ్చు. ఇవాళే పెట్టు."

పాప వాడి కూతురు, ఒకటో తరగతి. వాడు ఫోను జేబులో పెట్టుకుని తిరిగేసరికి ఎదురుగా నేనున్నాను.

"పాపకి గుడ్డు ఎప్పుడు మానిపించావురా?"

నేల చూశాడు. "నువ్వు అమ్మకం ఆపకముందే అక్కా. ఓ వారం ముందు. లోడు దింపటానికి ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు గోడౌన్లో పిప్పి కుప్ప మీద తెల్లగా బూజు చూశాను. వానకి తడిసినట్టుంది. నీకిచ్చింది ఆ కుప్పలోది కాదులే అనుకున్నాను."

"నాది కాదనుకుంటే పాపకెందుకు మానిపించావు?"

వాడు కాలితో గానుగ కాయలు పక్కకు నెడుతున్నాడు. దార్లో నీ గుడ్లకేం కాదక్కా అన్న నోరు అదే. ఆ వారమంతా నా గుడ్లు స్కూలుకి వెళ్తూనే ఉన్నాయి. నాకు కోపం రాలేదని చెప్పను, చెయ్యెత్తేంత వచ్చింది. కానీ రిపోర్టు ఇంకోలా వచ్చి ఉంటే ఆ కోపంతో నేనేమైపోయేదాన్నో, వాడితో మళ్ళీ జన్మలో మాట్లాడేదాన్నో కాదో అని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆ కాగితం నాకు కోళ్ళనే కాదు, తమ్ముణ్ణి కూడా మిగిల్చింది.

"చెప్పాల్సిందక్కా," అన్నాడు చివరికి. "నేనే తెచ్చిన ఫ్యాక్టరీ. నోరు రాలేదు."

"చెప్పాల్సింది," అన్నాను నేను కూడా. ఆకలేస్తోంది, రెండు రోజుల తరవాత మొదటిసారి.

ఊరు చేరిన మర్నాడు కాటా మీద మేత తూచి కలిపాం. శ్రీను ఫ్యాక్టరీకి వెళ్ళి, పరీక్ష కాగితం లేకుండా మా అక్క షెడ్డుకు ఒక్క బస్తా రాదని చెప్పొచ్చాడు. అది చెప్పడం వాడికెంత కష్టమో నాకు తెలుసు. స్కూలుకు మళ్ళీ గుడ్లు పంపడానికి ట్రేలు సర్దుతుంటే వాడే మొయ్యడానికి వచ్చాడు. మొదటి ట్రే బండిలో పెట్టబోతే ఆపాను.

"అది స్కూలుకి కాదు. మీ ఇంటికి. నువ్వు చూస్తుండగా పాప తిన్నాక, మిగతావి తీసుకెళ్ళు."